కొరమేనుకు గేలం ఎప్పుడు వేయాలి? ఎప్పుడు ఆపాలి?

మిరప కోతలు అయిపోయి, పత్తి కట్టె పీకేసిన తర్వాత జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో చిన్న రైతుకు కాస్త తీరిక దొరుకుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే చెరువుల్లో నీరు తగ్గి, చేపలు లోతు గుంటల్లోకి చేరతాయి. పొద్దు వాలేటప్పుడు గేలం పట్టుకుని చెరువు గట్టెక్కే అలవాటు మన ఊళ్ళలో కొత్తదేమీ కాదు. ఒక్క కొరమేను పడితే ఇంటిల్లిపాదికీ కూర. రెండు పడితే ఒకటి అమ్ముకోవచ్చు. బొచ్చె, శీలావతి కన్నా కొరమేనుకు ధర ఎప్పుడూ ఎక్కువే.

అయితే కొరమేను మునుపటిలా పడటం లేదనే మాట చాలా ఊళ్ళలో వినపడుతుంది. చెరువులు పూడిపోవడం, చేలల్లో కొట్టిన మందులు వాన నీటితో చెరువులో కలవడం, వేసవిలో పూర్తిగా ఎండిపోవడం ఇవన్నీ కారణాలే. వీటిలో కొన్ని మన ఒక్కరి చేతిలో లేవు. కానీ ఒక కారణం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. అది తొలకరి వేట. గేలం వేయడం ఎలాగో, ఏ కాలంలో ఎక్కడ వేయాలో, ఏ కాలంలో దాన్ని చూరులో దోపి ఉంచాలో తెలుసుకుంటే మన చెరువు కొరమేను మన పిల్లలకూ మిగులుతుంది.

కొరమేనుకు విత్తనం ఎవరూ వేయరు

బొచ్చె, శీలావతి, మోసు చేపలు మామూలుగా చెరువు నిలవ నీటిలో పిల్లలు పెట్టవు. వాటికి పారే నీరు కావాలి. అందుకే ఏటా హేచరీల నుంచి చేపపిల్లల్ని తెచ్చి చెరువుల్లో వదులుతారు. ఈ ఏడు పట్టేసినా వచ్చే ఏడు మళ్ళీ పిల్లలు వేస్తారు. శీలావతి కిలో బరువుకు లక్షల్లో గుడ్లు పెడుతుంది కూడా.

కొరమేను అలా కాదు. అది చెరువులోనే, నాచు, తూడు ఉన్న అంచుల్లో గూడు చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు లక్షల్లో ఉండవు, వేలల్లోనే ఉంటాయి. సాగు చేసేవారి సంగతి వేరు గాని, ఊరి చెరువుల్లో కొరమేను పిల్లల్ని తెచ్చి వేసేది అరుదు. ఊరి చెరువే దానికి విత్తనాల గాదె. గాదెలో విత్తనం తినేస్తే వచ్చే ఏడు ఏం వేస్తాం? పొరుగున తెలంగాణ ప్రభుత్వం 2016లో కొరమేనును రాష్ట్ర చేపగా ప్రకటించింది. మనకూ అది అంత విలువైన చేపే.

అడుగున ఎర లాగే పద్ధతి

మనం సాధారణంగా వేసేది బెండు గేలం. బెండు కట్టి, వానపామునో కప్పపిల్లనో గుచ్చి, ఒకచోట వేసి కూర్చుంటాం. చేప మన దగ్గరికి రావాలి. నీరు తగ్గి, చేప లోతులో కదలకుండా పడుకున్న రోజుల్లో ఈ పద్ధతి అంతగా పని చేయదు. అప్పుడు ఎరనే చేప దగ్గరికి తీసుకుపోవాలి. ఎరను దూరంగా విసిరి, నేల తగిలేదాకా మునగనిచ్చి, అడుగు వెంట మెల్లగా లాగుతూ రావాలి.

ఈ పద్ధతి అమెరికాలో బాస్ అనే చేప కోసం బాగా వాడుకలో ఉంది. అక్కడి ఒహాయో రాష్ట్రంలోని అక్రాన్ పట్టణంలో 1949లో నిక్ క్రీమ్ అనే ఆయన మెత్తటి ప్లాస్టిక్‌తో వానపాము లాంటి ఎర తయారు చేశారు. దాన్ని సీసపు బరువుతో జలాశయాల అడుగున లాగి బాస్ చేపలు పడతారు. బాస్ మన నీళ్ళలో లేదు. అయినా దానికీ మన కొరమేనుకూ పోలికలున్నాయి. రెండూ చాటున పొంచి ఉండి ఎదుటికి వచ్చినదాన్ని మింగే చేపలే. రెండూ గూడు కట్టి పిల్లల్ని కాపలా కాసేవే. ఆ మెత్తటి రబ్బరు ఎరలు, రబ్బరు కప్పలు ఇప్పుడు మన పట్నాల దుకాణాల్లోనూ దొరుకుతున్నాయి. దొరకకపోయినా ఫరవాలేదు. వానపాము, చిన్న రొయ్య, పరిగెపిల్ల ఇదే పద్ధతిలో చక్కగా పని చేస్తాయి.

గేలం కట్టే విధం

కావలసినవి ఇవి: గట్టి తంగూసు దారం, నడిమికి బెజ్జం ఉన్న 15 నుంచి 20 గ్రాముల బరువు, ఒక పూస, ఒక చిన్న తిరుగుడు రింగు, గేలపు ముల్లు.

1. అసలు దారానికి ముందు బరువు గుచ్చాలి. ఆ తర్వాత పూస గుచ్చాలి. ఆ చివర రింగు ముడి వేయాలి. బరువు దారం మీద అటూ ఇటూ జారుతూ ఉండాలి. పూస ఎందుకంటే, బరువు వచ్చి ముడికి కొట్టుకుని దారం తెగకుండా ఉండటానికి.

2. రింగుకు అవతల రెండడుగుల దారం ముక్క కట్టి, దాని చివర ముల్లు కట్టాలి. బరువు నేల మీద పాకుతుంటే, ఎర దాని వెనక రెండడుగుల దూరంలో తేలికగా ఊగుతూ వస్తుంది.

3. రబ్బరు ఎరైతే ముల్లు మొనను తలలో కొద్దిగా గుచ్చి పక్క నుంచి బయటకు తీయాలి. ముడి దాకా లాగి, ముల్లును తిప్పి, మొనను మళ్ళీ ఎర ఒంట్లోనే దాచాలి. మొన దాగి ఉంటే నాచుకు, తుమ్మ కంపకు తగులుకోదు. చేప కరిచినప్పుడు మాత్రం మెత్తటి రబ్బరు నలిగి మొన బయటకు వస్తుంది.

బరువు జారేట్టు ఎందుకు కట్టాలంటే, చేప ఎర నోట పెట్టుకుని కదిలినప్పుడు దారం బరువులోంచి జారుతుంది గాని బరువు చేపకు తెలియదు. బరువు తెలిసిందా, ఉమ్మేస్తుంది.

వలకు వాడే సీసం గుళ్ళు బరువుకు పనికొస్తాయి. అయితే సీసాన్ని పళ్ళతో కొరికి బిగించే అలవాటు మానాలి. సీసం విషం. చేతులు కడుక్కోకుండా అన్నం తినరాదు. పిల్లల చేతికి ఇవ్వరాదు. సైకిలు షాపులో దొరికే పాత ఇనుప నట్టు గుచ్చుకున్నా పని జరుగుతుంది. దానికి పైసా ఖర్చు లేదు, హాని లేదు.

లాగేటప్పుడు తొందర పడకూడదు. జానెడు లాగి ఆపాలి. పది లెక్కపెట్టి మళ్ళీ జానెడు లాగాలి. దారం వేలి మీద ఆనించి ఉంచితే చేప ముట్టిన సంగతి తెలుస్తుంది. టక్కుమని తగిలిన వెంటనే గుంజరాదు. దారం పక్కకు జరగడం మొదలైనప్పుడు గట్టిగా ఒక్కసారి గుంజాలి.

దారమే చెరువు అడుగు చెబుతుంది

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. అడుగున ఏముందో వేలికి తెలుస్తుంది. టకటకమని తగిలితే రాళ్ళు, గులక. మెత్తగా, బరువుగా వస్తే బురద. సాగి సాగి వదిలితే నాచు. పట్టుకుని ఒక్కసారి వదిలేస్తే తుమ్మ మొద్దో, కంపో. నాలుగు రోజులు శ్రద్ధగా లాగితే మీ చెరువు అడుగు మీకు మీ పొలం గట్లంత బాగా తెలుస్తుంది.

చేపలు ఉండే చోట్లు ఇవి: తూము ముందరి లోతు, కట్ట లోపలి రాతి పేర్పు మొదలు, చెరువులోకి వచ్చే పాత వాగు గర్భం, మట్టి తవ్విన గోతుల అంచులు, నీటిలో మునిగిన తుమ్మచెట్ల మొదళ్ళు. నడి గోతిలో కన్నా గోతి అంచున, అంటే మిట్ట నుంచి లోతుకు దిగే వాలులో ఎర లాగడం మేలు. గట్టి నేల బురదను కలిసే చోటు మరీ మంచిది.

ఏ కాలంలో ఎక్కడ వేయాలి

నవంబరు నుంచి జనవరి వరకు: నీరు నిండుగా, చల్లగా ఉంటుంది. చల్లటి నీటిలో చేప మందంగా ఉంటుంది. తెల్లవారుజామున మంచులో కూర్చుని లాభం లేదు. పొద్దెక్కి, తొమ్మిది పది గంటల తర్వాత ఎండ తగిలే వైపున వేయాలి. చిన్న ఎర వాడాలి. లాగడం మరీ నెమ్మదిగా ఉండాలి.

ఫిబ్రవరి నుంచి మే వరకు: ఇదే అసలు గేలం కాలం. నీరు తగ్గుతున్న కొద్దీ చేపలు లోతుకు చేరతాయి. తెల్లవారిన తర్వాత రెండు గంటలు, పొద్దు గూకే ముందు రెండు గంటలు మంచి వేళలు. నడి ఎండలో కొరమేను తూడు, నాచు నీడకు చేరుతుంది. అక్కడ అడుగున లాగితే ఎర నాచులో ఇరుక్కుంటుంది. అలాంటి చోట బరువు తీసేసి, రబ్బరు కప్పను నాచు మీద నుంచి లాగాలి. కొరమేనుకు మొప్పలతో వచ్చే గాలి చాలదు, పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. నీటి మీద ‘గుబుక్’ మని బుడగ లేచిన చోటు గుర్తుపెట్టుకోండి.

ఈ నెలల్లో మున్నేరు, పాలేరు మడుగుల్లోనూ, ముక్త్యాల, వేదాద్రి దగ్గర కృష్ణలోనూ అడుగున తిరిగే వాలుగ, జెల్ల కూడా ఈ గేలానికి పడతాయి. వాటికి రబ్బరు కన్నా వాసన ఉన్న ఎర, అంటే రొయ్య, చేప ముక్క మంచిది. ఏటి వాలులో బరువు 30 గ్రాముల దాకా పెంచాలి. వాలుగ పళ్ళు వాడి. దాని నోట్లో వేలు పెట్టరాదు. జెల్ల, మార్పు, ఇంగిలాయి ముల్లు గుచ్చుకుంటే విపరీతమైన సలుపు. వెంటనే ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో చేయి ఉంచితే సలుపు తగ్గుతుంది. తర్వాత డాక్టరుకు చూపించుకోవాలి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు: కొరమేను గేలం ఆపాలి. అక్టోబరులో వానలు ఆగకపోతే ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టాలి.

తొలకరిలో ఎందుకు ఆపాలి?

తొలకరి వాన పడి వాగులు పారగానే, కొత్త నీటికి చేపలు ఎదురెక్కుతాయి. అలుగు దగ్గర, కాలువ మొదట్లో బుట్టలు, మావులు పెట్టి బిందెల కొద్దీ పట్టడం మనం చూస్తున్నదే. అవి ఎందుకు ఎదురెక్కుతున్నాయి? గుడ్లు పెట్టడానికి. కడుపు నిండా గుడ్లున్న చేపను పట్టామంటే, ఒక్క చేప కాదు, దాని వెనక రావలసిన సంతతి అంతా పట్టినట్టే.

కొరమేను సంగతి ఇంకా సున్నితం. గుడ్లు పిగిలిన తర్వాత దాని పిల్లలు ఎర్రగా, నారింజ రంగులో, గుంపుగా నీటి పైకి వచ్చి పోతుంటాయి. చూడ్డానికి నీటిలో ఎర్రటి దుమ్ము కదిలినట్టు ఉంటుంది. ఆ గుంపు కిందే తల్లో తండ్రో కాపలా ఉంటుంది. దగ్గరికి ఏది వచ్చినా, కప్ప కానీ, పాము కానీ, మన గేలం కానీ, ఒక్క పెట్టున మీద పడుతుంది. ఆకలితో కాదు, పిల్లల్ని కాచుకోవడానికి. అందుకే ఆ వేళ కొరమేనును పట్టడం పసిపిల్లాడికి కూడా సులువే. అందులో నేర్పేమీ లేదు.

కాపలా చేప పోయిందంటే గంటల్లో ఆ పిల్లల పని అయిపోతుంది. మట్టగిడసలు, గురకలు, నీరుకట్టెలు, కొంగలు వాటిని వదలవు. ఒక్క పూట కూర కోసం వేలాది పిల్లలు పోతాయి. వాటిలో పదో పాతికో బతికి పెరిగినా రెండేళ్ళలో ఎన్ని కూరలయ్యేవో లెక్క వేసుకోండి. ఎర్ర పిల్లల గుంపు కనపడితే అక్కడ గేలం వేయకండి. పక్కవారినీ వేయనివ్వకండి. అమెరికాలో కూడా కొన్ని రాష్ట్రాల్లో బాస్ చేప గూటి మీద ఉండే రోజుల్లో వేటకు అడ్డంకులు పెట్టారు. చేప గూడు కాపాడితేనే చేప దక్కుతుందని వారికీ తెలిసింది.

చిన్నవాటి విషయంలోనూ ఇదే న్యాయం. జానెడున్నర కన్నా చిన్న కొరమేనును వదిలేయండి. ఒక్కసారైనా పిల్లలు పెట్టే వయసు దానికి రానివ్వాలి. వదిలేటప్పుడు చేతులు తడిపి పట్టుకోవాలి. పొడి చేత్తో పడితే ఒంటి జిగురు పోయి పుండు పడుతుంది. ముల్లు లోపలికి మింగి ఉంటే లాగి చీల్చకుండా దారం కత్తిరించి వదలడం మేలు.

చెరువు ఎవరిది? ముందు అడగండి

చెరువు మన ఊరిదే అయినా అందులో చేపలు అందరివీ కావు. చాలా చెరువులు మత్స్యకారుల సహకార సంఘాల కింద ఉంటాయి. కొన్ని చిన్న చెరువుల్ని పంచాయతీ వేలం వేస్తుంది. డబ్బు పెట్టి పిల్లల్ని వదిలినవారి చేపను అడగకుండా పడితే అది మన చేలో పత్తి ఇంకొకరు తీసుకుపోయినట్టే. సంఘం పెద్దలతో ముందుగా మాట్లాడుకోండి. కొరమేను మిగతా చేపపిల్లల్ని తింటుంది కనుక, పిల్లలు వేసిన చెరువులో వేసవి గేలానికి ఒప్పుకునేవారూ ఉంటారు. బొచ్చె, శీలావతి పడితే మాత్రం అక్కడికక్కడే వదలాలి. జలాశయాల్లో లైసెన్సు నిబంధనలుంటాయి. వేట నిషేధం ప్రకటిస్తే ఆ తేదీల్ని దగ్గరి మత్స్యశాఖ కార్యాలయంలో తెలుసుకోవాలి.

నీటిలో మందు కలిపి, తూటా పేల్చి చేపలు పట్టడం 1897 నాటి భారత మత్స్య చట్టం కిందే నేరం. మందు కలిపిన నీరే మన గొడ్లు తాగేది. కరెంటు తీగ నీటిలో వేసి పట్టడం చేపకన్నా ముందు మనిషినే తీసుకుపోతుంది. పత్తికి, మిరపకు మందు కొట్టిన పంపును చెరువులో కడగకండి. చచ్చి తేలిన చేపను తినకండి, అమ్మకండి.

ఇంకొక మాట. ఎక్కడి నుంచో తెచ్చిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పిల్లల్ని చెరువులో వదలరాదు. దాని పెంపకాన్ని ప్రభుత్వం నిషేధించింది. అది చెరువులో పడితే మన మార్పును, కొరమేను పిల్లల్ని మిగల్చదు. గేలానికి అది పడితే మళ్ళీ నీటిలో వేయకండి.

గొడ్లకూ, మనకూ జాగ్రత్త

తెగిన తంగూసు, విరిగిన ముల్లు, చిరిగిన రబ్బరు ఎర గట్టు మీద వదిలి రాకూడదు. గేదెలు దిగే రేవులో ముల్లు పడితే కాలి గిట్టల మధ్య దిగుతుంది. మేతతో పాటు మింగితే ప్రాణానికే ముప్పు. తంగూసు కొంగల కాళ్ళకు చుట్టుకుంటుంది. ఒక డబ్బా వెంట పెట్టుకుని అన్నీ అందులో వేసి ఇంటికి తెచ్చుకోండి. గేదెల రేవు వదిలి వేరే పక్కన గేలం వేయండి.

పులిచింతల ఆనకట్ట దిగువన కృష్ణలో గేలం వేసేవారు నీటి మట్టాన్ని కనిపెట్టి ఉండాలి. ఎగువ నుంచి నీరు వదిలితే రాళ్ళ మీద నిలబడినవారికి వెనక్కి దారి ఉండదు. 2021 ఆగస్టు 5న పులిచింతలలో 16వ నంబరు గేటు కొట్టుకుపోయి నీరు దిగువకు ఉరికిన సంగతి తెలిసిందే. మున్నేరునూ నమ్మలేం. మన దగ్గర చినుకు లేకున్నా ఎగువన ఖమ్మం, వరంగల్ వైపు వాన పడితే ఇక్కడ పొంగుతుంది. 2023 జూలైలో ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికే మున్నేరు నీరు వచ్చింది. ఇసుక తీసిన గుంతలు ఏటిలో పైకి కనపడవు. గేలం తగులుకుంటే దారం తెంపుకోండి గాని, ముల్లు కోసం నీటిలోకి దిగకండి. రాయి తీసి వదిలేసిన క్వారీ గుంతల్లో గేలం అసలే వద్దు. వాటికి వాలు ఉండదు, జారితే పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

కరెంటు తీగల కింద పొడుగాటి గేలపు కర్ర ఎత్తరాదు. తడిసిన వెదురుకైనా షాకు కొడుతుంది. ఉరుము వినపడగానే గట్టు దిగి ఇంటికి రావాలి. చీకటిపడితే టార్చి లేకుండా తూడు పక్కన తిరగరాదు. పాములుంటాయి.

పట్టిన చేపను ప్రాణంతో తేవాలి

కొరమేనుకు ప్రాణంతో ఉంటేనే ధర. బిందెలో సగానికి లోపే నీరు పోయాలి. పైన గాలి ఖాళీ ఉండాలి. నిండా నీరు పోసి మూత బిగిస్తే గాలి అందక అది నీటిలోనే చచ్చిపోతుంది. గంతు వేసి పడిపోకుండా మూతి మీద తడి గోనె గాని, వల ముక్క గాని కట్టాలి. దగ్గరి దూరమైతే తడి గోనె సంచిలో చుట్టి తెచ్చినా బతికే ఉంటుంది.

తొలకరికి ముందే ఊళ్ళో మాట అనుకోండి

ఒక్కరు గేలం ఆపితే పక్కవాడు పడతాడనే మాట ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. అది నిజమే. అందుకే ఇది ఒక్కరు చేసే పని కాదు. మేలో చెరువులో నీరు అడుగంటినప్పుడే పంచాయతీ, మత్స్యకారుల సంఘం, గేలం వేసే కుర్రాళ్ళు కలిసి మాట అనుకోవాలి. లోతు గుంటలో ఆఖరు నీటిని మోటారు పెట్టి తోడి, ఉన్న చేపంతా ఎత్తివేయకుండా కొన్ని పెద్ద కొరమేనుల్ని విత్తనానికి వదలాలి. తొలకరి నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా కొరమేనుకు గేలం గానీ, అలుగు దగ్గర బుట్ట గానీ పెట్టరాదని చాటింపు వేయించాలి. చెరువు అంచున ఒక పక్క తూడు, నాచు పీకకుండా గూళ్ళకు వదలాలి.

దీనికి రూపాయి ఖర్చు లేదు. అప్పు అక్కరలేదు. నాలుగు నెలల ఓపిక చాలు. మనం విత్తనపు కంకుల్ని వేరుగా కట్టి దాచుకునే రైతులం. చెరువులో చేపకూ అదే పద్ధతి పాటిద్దాం.